అక్క పెట్టని రంగు

మేడ్చల్,
ఆగస్టు 18.

ప్రియమైన పద్మక్కకు,

ఉత్తరం చేతికిస్తుంటే బావ నవ్వి, "మీ అక్కకు ఫోను లేదా ఏంది, నన్ను పోస్టుమాన్‌ను జేస్తున్నవ్" అన్నాడు. ఫోను ఉంది. కానీ అది సగం రోజు మీ అత్తమ్మ చేతిలో ఉంటుంది, మిగతా సగం నువ్వు కంకులు కాలుస్తూ ఎత్తవు. అదీగాక డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకు రాయడం మీద పిచ్చి పట్టింది. నోటితో అన్న మాట ఎటో పోతుంది. కాగితం మీద పెడితే మళ్లీ చూసుకోవచ్చు, నచ్చకపోతే కొట్టేసి ఇంకో మాట వెతుక్కోవచ్చు. జీడిమెట్ల కంపెనీకి పోతూ పరమేష్ బావ అమ్మ పెట్టే చాయ్ కోసం ఎట్లాగూ మన ఇంటి మీదుగానే చుట్టు తిరిగి పోతాడు. కాబట్టి ఇక నుంచి మన ఉత్తరాలు ఆయన టిఫిన్ సంచిలో తిరుగుతాయి. పప్పు మరకలుంటే నన్ను తిట్టకు.

అసలు సంగతి చెబుతాను. డిసెంబరులో మా కాలేజీ వార్షికోత్సవానికి నాగమణి మేడం 'హేమవల్లి' వేయిస్తున్నారు. అదే, నాయిన జట్టు జాతరల్లో వేసిన పాత పద్యనాటకం. హేమవల్లి వేషం నాకిచ్చారు.

నీకు ప్రతి పాదం తెలిసిన కథే. అయినా మేడం ఎవరి మాటల్లో వాళ్లు రాసి చూసుకొమ్మన్నారు, తప్పుంటే దిద్దు. రాణి హేమవల్లి తల్లి లేని తన చెల్లెలు మధూలికను బిడ్డలా పెంచుతుంది. యుద్ధానికి పోతూ రాజు తన ముద్ర ఉంగరాన్ని రాణికి కాక మధూలికకు ఇచ్చి పోతాడు. ఆ రోజు నుంచి రాణి కడుపులో నిప్పు. చివరికి పాలల్లో విషం కలిపి చెల్లెలికి తాగిస్తుంది. మధూలిక ప్రాణం పోతుండగా ఆ ఉంగరం తీసి అక్క వేలికి తొడుగుతుంది. ఉంగరం ఎవరి దగ్గరుంటే శత్రువులు వాళ్లనే చంపుతారు, అందుకే నీ దగ్గర ఉండనివ్వలేదు అంటుంది. అప్పుడు రాణి ఆ శవం పక్కన కూర్చుని పాడుతుంది:

చేతులారగ పెంచి చేతులారగ తుంచి
కన్నీటితో నేల కడుగుచుంటి

ఒకే మాట రెండుసార్లు వచ్చింది చూశావా. ఒకసారి పెంచడానికి, ఒకసారి చంపడానికి. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు అన్నం సయించలేదు. మేడం మాకు వ్యాసం కూడా ఇచ్చారు, హేమవల్లిని నడిపింది ప్రేమా, పగా అని. నేను ఇంకా మొదలుపెట్టలేదు. నువ్వేమంటావు?

ఇక అడగాల్సింది అడుగుతాను. వేషం వచ్చిందని చెబితే నాయిన అటక మీదున్న హార్మోనియం పెట్టె వైపు చూశాడు. తర్వాత, "ఆ పాత్ర పద్మది. అది వచ్చి నీ మొకానికి మొదటి రంగు పెడితేనే నేను పెట్టె ముట్టుకుంట" అన్నాడు. మన జట్టు ఆచారం నీకు తెలుసు కదా, వేషం వదిలిన మనిషి కొత్త మనిషి నుదుటికి తన చేత్తో మొదటి రంగు పెట్టాలి. అది లేకపోతే నాయిన హార్మోనియం పెట్టె తెరవడు. మేడం కూడా ఆయన వాయిస్తాడనే ధైర్యంతో ఈ నాటకం ఎంచుకున్నారు.

డిసెంబరులో ఒక్క రోజు వచ్చి పోవా అక్కా.

నీ చెల్లె,
రోజారాణి

---

శామీర్‌పేట,
ఆగస్టు 29.

చెల్లె రోజాకు,

నీ ఉత్తరం చూసి మస్తు నవ్వొచ్చింది. చిన్నప్పుడు పలక మీద నీ పేరు రాయమంటే ఏడ్చేదానివి, ఇప్పుడు నాలుగు పేజీలు నింపుతున్నావు. వేషం వచ్చినందుకు సంతోషం. అమ్మతో దిష్టి తీయించుకో.

ఇక్కడ వానలు పడుతున్నాయి కాబట్టి గిరాకీ బాగుంది. ఆదివారం సిటీ నుంచి చెరువు చూడడానికి కార్లలో వచ్చేవాళ్లు వేడి కంకి కోసం ఆగుతారు. నేను బొగ్గుల మీద విసురుతూ కూర్చుంటాను, మా అత్తమ్మ ఉప్పూ కారం నిమ్మకాయా రుద్ది ఇస్తుంది. కారు కనబడితే చాలు, "జరంత గట్టిగ పిల్వు పద్మా, నీ గొంతు ఎందుకున్నది మరి" అంటుంది. పిలుస్తాను. నా గొంతు విని ఒకాయన కారు వెనక్కి తీసుకొచ్చాడు. రెండు కంకులు కొన్నాడు.

నీ వ్యాసం గురించి నాకేం తెలుస్తుంది, నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని. నాకైతే హేమవల్లి అంటే బరువైన చీర, కళ్లలో పడే చెమట, నాయిన వాయించే పెట్టె. అంతే.

డిసెంబరులో రావడం కష్టం రోజా. అత్తమ్మ పంపదు. ఒక్కతే దుకాణం నడపలేదు. నాయినకు నచ్చజెప్పు, ఈ కాలంలో ఆ ఆచారాలు ఎవరికి కావాలి. కాలేజీవాళ్లు రంగు పెట్టేవాణ్ణి తెస్తారు కదా.

బావ సంచిలో నీకు లేత కంకులు పెట్టాను. ఉడకబెట్టుకోండి.

పద్మ

---

మేడ్చల్,
సెప్టెంబరు 20.

అక్కకు,

కంకులు అందాయి. నాయిన ఒకటి తిని, పద్మ ఏరిందంటే గింజ చూస్తేనే తెలుస్తది అన్నాడు. నేను తెచ్చిన కంకిని ఆయన ఎప్పుడూ అట్లా చూడలేదు.

నేను సూటిగా అడుగుతాను. అత్తమ్మ పంపదని రాశావు. నిన్న చాయ్ తాగుతూ బావ ఏమన్నాడో తెలుసా? మీ అత్తమ్మకు నాటకం సంగతి తెలిసి, దుకాణం మూసి తానే వస్తానంటున్నదట. చిన్నప్పుడు చూసింది మళ్లీ చూడలేదని నీతో చెప్పిందట కూడా. బావకు పాపం మనసులో ఏమీ ఉండదు, అంతా చెప్పేస్తాడు. ఆయన పోయాక నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. 'అత్తమ్మ పంపదు' అన్నచోట నీ అక్షరాలు మిగతావాటికంటే చక్కగా ఉన్నాయి.

ఎందుకక్కా?

నేను ఇక్కడ ఎట్లా ఉన్నానో నీకు తెలియదు. నాయిన డ్యూటీ నుంచి వచ్చి గేటు పక్కన కుర్చీ వేసుకుని, గండిమైసమ్మ జాతరలో నువ్వు పాడిన ఆఖరి పద్యం ఫోన్లో పెట్టుకుని వింటాడు. ఎవరో రికార్డు చేసి పంపింది. మధ్యలో ఈలలు, పిల్లల ఏడుపు, మైకు కీచుమనడం, అన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి. ఒకరోజు ధైర్యం చేసి ఆ పద్యం ఆయన ముందు పాడాను. విని, కండువాతో ముఖం తుడుచుకుని, "నీది సదివే గొంతు బిడ్డా, పాడే గొంతు గాదు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. గట్టిగా అన్నా బాగుండేది.

నీకు ఇల్లుంది, బావ ఉన్నాడు, ఇక్కడ లేకపోయినా నాయిన ఉన్నాడు. నాకొక్క వేషం వచ్చింది. అది కూడా నీ చేతిలోనే ఉంది.

వ్యాసం మొదలుపెట్టాను. హేమవల్లిని నడిపింది పగే అని రాస్తున్నాను. ప్రేమ ఉన్న మనిషి ఉంగరం ఎవరి వేలికి ఉందో చూడదు.

రోజారాణి

---

శామీర్‌పేట,
సెప్టెంబరు 27.

రోజారాణికి,

అత్తమ్మ పంపుతుంది. అబద్ధం రాశాను. సరేనా?

ఇప్పుడు నిజం రాస్తాను, చదువుకో. మొదటి రంగు వేషం వదిలిన మనిషి పెట్టాలి. నేను వదల్లేదు. నాకు పెళ్లయింది, అంతే. పెళ్లిచూపుల్లో పరమేష్ వాళ్లు వద్దనలేదు, నేను వదిలేస్తాననలేదు, ఎవ్వరూ ఆ మాటే ఎత్తలేదు. పెళ్లయిన ఏడాది జట్టు చెదిరిపోయింది. అది కూడా నాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు మీ మేడం ఒక కాగితం మీద నీ పేరు రాసిందని, నేను వచ్చి నీ నుదుట రంగు పెట్టి నా నోరు నేనే మూసుకోవాలా? అది పెట్టిన క్షణం నుంచి నేను కంకులమ్మే మనిషిని మాత్రమే అవుతాను. అప్పుడు కారువాళ్లను పిలవడానికి తప్ప ఈ గొంతు దేనికీ ఉండదు.

నాయిన నా పాట వింటాడని ఏడ్చావు. ఆయన నాకు ఫోన్ చేస్తే ఏం మాట్లాడతాడో నీకు తెలుసా? నీ గురించి. చిన్నది పుస్తకం పడితే తిండి మర్చిపోతది, చిన్నది ఏదో పెద్ద మాట అన్నది నాకే సమజ్ గాలే, చిన్నది లెక్చరర్ అయితది. నేను ఊ కొడుతూ కంకి తిప్పుతుంటాను. ఒక్కసారైనా, పాడుతున్నావా పద్మా అని అడగలేదు. రికార్డులో ఉన్న పద్మ ఆయనకు చాలు. ఇక్కడున్న పద్మతో పని లేదు.

నీ వ్యాసం తప్పు. పగ అంత తేలికగా పుట్టదు. హేమవల్లి ఆ పిల్లకు తలంటింది, జడలు వేసింది, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. తన చేతిలో పెరిగిన పిల్ల వేలికి తనకు రావలసింది కనబడితే ఏమవుతుందో, ఎవరినీ పెంచని నీకు తెలియదు. నిన్ను నేను పెంచాను.

పాడుకో. నా రంగు లేకుండా పాడుకో.

పద్మలత

---

శామీర్‌పేట,
అక్టోబరు 9.

నా బంగారు చెల్లెకు,

మొన్నటి ఉత్తరం చించెయ్. కోపంలో రాశాను. నువ్వు జవాబు రాయకపోయేసరికి బావను అడిగితే, నీ ముఖం వాడిపోయి ఉందన్నాడు. పెద్దదాన్ని అయ్యుండి అట్లా రాయకూడదు. రంగు సంగతి డిసెంబరు నాటికి చూద్దాం, ఇంకా టైముంది.

నీకు ఒక సహాయం చేస్తాను. నాయిన పెట్టె తీయడు కాబట్టి నువ్వు ఫోన్లో శ్రుతి పెట్టుకుని పాడుతున్నావట. అందుకే ఆఖరి పద్యం తేలిపోతోంది. ఆ పద్యం నీ మామూలు శ్రుతిలో పాడేది కాదు. నేను ఎప్పుడూ పెట్టె మీద రెండు మెట్లు పైన ఎత్తుకునేదాన్ని. మొదట్లో గొంతు మండుతుంది, మండనివ్వు. రోజూ పొద్దున, సాయంత్రం ఆ ఎత్తులోనే పాడు, ఆపకు. 'కన్నీటితో' దగ్గర ఇంకా పైకి తోసుకుంటూ పో. అదే నా రహస్యం, నాయినకు కూడా చెప్పకు. స్టేజి మీద విని ఆశ్చర్యపోవాలి.

బాగా పాడాలి నువ్వు. అందరూ నీ గురించే చెప్పుకోవాలి.

నీ అక్క

---

మేడ్చల్,
నవంబరు 2.

నన్ను పెంచిన మా అక్కకు,

నీ ఉత్తరం నా తెలుగు పుస్తకంలో పెట్టుకుని తిరుగుతున్నాను. నీ రహస్యాన్ని నాకిచ్చావు. ఎవరిస్తారు అట్లా? జట్టులో తాము పాడే వరుసలను కన్నబిడ్డలకు కూడా చెప్పకుండా దాచుకున్నవాళ్లు ఉన్నారని నాయిన చెప్పేవాడు. నువ్వు మాత్రం దాచుకోలేదు.

నాయిన డ్యూటీకి పోగానే మిద్దె ఎక్కుతున్నాను. నువ్వు చెప్పినట్టే శ్రుతి రెండు మెట్లు పైన పెట్టుకుని పాడుతున్నాను. మొదటివారం దగ్గు వచ్చింది, తర్వాత గొంతులో ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టు ఉండేది. ఆపలేదు. అక్క మండనివ్వమంది కదా అనుకునేదాన్ని. నువ్వు ఇంత ఎత్తులో పాడేదానివని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. తెలిసిన కొద్దీ నువ్వంటే గౌరవం పెరుగుతోంది.

రిహార్సల్‌లో మధూలిక వేషం అమూల్య అనే అమ్మాయిది. మంచి గొంతు, సుచిత్ర చౌరస్తాలో సంగీతం నేర్చుకుంటోంది. ఎప్పుడెప్పుడు నేను మానేస్తానా అని చూస్తోందేమో అనిపిస్తుంది నాకు. ఆమెతో, నాకు మా అక్క తన ఎత్తు ఇచ్చింది అని చెప్పాను. మేడంకూ చెప్పాను. క్లాసులో అందరికీ చెప్పాను.

వ్యాసం కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. హేమవల్లిని నడిపింది ప్రేమ అని. నీ వల్లనే మార్చుకున్నాను. నువ్వు నన్ను ప్రేమించినట్టు ఎవరైనా ప్రేమిస్తే ఏ రాణికైనా విషం దొరకదు.

అడుగడుగునా నీకు రుణపడి ఉండే
రోజా

---

శామీర్‌పేట,
నవంబరు 16.

రోజా,

ఇది చదవగానే ఆ పద్యం పాడడం ఆపెయ్. చదవడం పూర్తి కాకముందే ఆపెయ్.

నిన్న సాయంత్రం బావ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ నవ్వుతూ చెప్పాడు. "మీ చెల్లె సైగలు జేస్తాంది. చాయ్‌ల చక్కెర తక్కువైందని చెప్పనీకి ఇంత పెద్ద నాటకమాడింది. గొంతు లేదు, గాలి తప్ప." అమ్మ మిరియాల పాలు ఇస్తోందట, డాక్టరు మాట్లాడొద్దన్నాడట. ఆయనకు అది తమాషా. నా చేతిలో కంకి నల్లగా మాడిపోయింది, అత్తమ్మ వచ్చి లాక్కునేదాకా చూసుకోలేదు.

నేను రెండు మెట్లు పైన ఎప్పుడూ పాడలేదు. నువ్వు ముందు నుంచీ పాడుతున్నావే, అదే శ్రుతిలో పాడాను. నా గొంతుకే ఆ ఎత్తు అందదు, నీ గొంతుకు అసలు అందదు. తెలిసే రాశాను. నీ గొంతు స్టేజి మీద పగలాలని, చూసినవాళ్లు పద్మ ఉంటే ఎట్లా ఉండేదో అనాలని, నాయిన వింటూ తల దించుకోవాలని రాశాను. బంగారు చెల్లె అని మొదలుపెట్టిన వాక్యం కూడా అందుకే.

ఇంకో మాట రాయకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది. బావ చెప్పగానే నాకు మొదట కలిగింది భయం కాదు. సంతోషం. కడుపులో చల్లగా, దాహం తీరినట్టు. అది ఒక్క క్షణమే కానీ ఉంది. భయం తర్వాత వచ్చింది. నీ ఉత్తరంలో ప్రతి వాక్యం గుర్తొచ్చింది. నన్ను పెంచిన మా అక్కకు అని రాశావు. రాత్రి నుంచి నా నోట్లోకి ముద్ద పోలేదు.

వస్తాను. డిసెంబరులో కాదు, నువ్వు ఎప్పుడంటే అప్పుడు వస్తాను, రంగు పెడతాను. వేషం నీదే. నాయినకు నేనే చెబుతాను ఏం చేశానో. నువ్వు మాత్రం మాట్లాడకు, పాడకు. గొంతు తిరిగి వస్తుందని డాక్టరు అన్నాడా? బావతో చెప్పి పంపు.

పద్మ

---

మేడ్చల్,
నవంబరు 20.

పద్మలత గారికి,

గొంతు వస్తుందట. పాడే గొంతు వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. నాగమణి మేడం నా నోటి దగ్గర చెవి పెట్టి విని, "ఇలా ఎలా పాడగొట్టుకున్నావమ్మా? పద్యం పలకలేకపోతే వేషం అమూల్యకి ఇవ్వాల్సి వస్తుంది, నన్నేం చేయమంటావు" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నువ్వు నాకు చెప్పింది కొత్త సంగతేమీ కాదు.

నీ రహస్యం వచ్చిన రోజే నాయిన ఫోన్లో నీ పాట పెట్టి, పక్కన నా ఫోన్లో శ్రుతి పెట్టి చూశాను. నేను తెలుగు విద్యార్థిని, ఎవరైనా ఏదైనా చెబితే మూలంతో పోల్చి చూడమని నేర్పారు. నువ్వు పాడింది నా శ్రుతిలోనే. ఎందుకట్లా రాశావో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మిద్దె మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లేచి, రెండు మెట్లు పైన శ్రుతి పెట్టుకుని పాడడం మొదలుపెట్టాను.

ఎందుకంటే నువ్వు ఎక్కని చోటు అది. నీకు అందని ఎత్తు. నేను అక్కడికి చేరితే నాయిన ఆ ఫోను పక్కన పెడతాడు, నీ పాట మీద నా పాట పడుతుంది అనుకున్నాను. గొంతు పోతుందని తెలుసు. పోయేలోపల ఒక్కసారి అందినా చాలనుకున్నాను. రెండుసార్లు అందింది కూడా. వినడానికి ఎవరూ లేరు.

ఆ కృతజ్ఞతల ఉత్తరం నిజమనుకున్నావా? ఒక్కో మాట ఏరి ఏరి రాశాను. నిన్ను పొగిడిన ప్రతిచోటా నీకు ఎక్కడ తగులుతుందో చూసుకుని రాశాను. మూడుసార్లు తిరగరాశాను. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదు. నీ ముద్ద నోట్లోకి పోలేదంటే, రాసింది రాసినట్టు పనిచేసింది.

నీ సంతోషం ఒక్క క్షణమే ఉందన్నావు. నాది నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ఉంది. పోతుందని చూస్తున్నాను, పోవడం లేదు.

వ్యాసం ఇచ్చేశాను. ప్రేమా పగా వేరువేరు చేతులు కావు, ఒకే మనిషి కుడిచెయ్యీ ఎడమచెయ్యీ అని రాశాను. మేడం మంచి మార్కులు వేశారు. నాకు ఆ వ్యాసం చూస్తే అసహ్యంగా ఉంది.

నువ్వు రావద్దు. నీ రంగు వద్దు. నాయినకు ఏమీ చెప్పకు, చెబితే నా సగం కూడా నేను చెప్పుకోవాలి.

రోజారాణి

---

శామీర్‌పేట,
డిసెంబరు 15.

రోజాకు,

మాట్లాడేంత గొంతు వచ్చిందని, మేడం వేషం నీకే ఉంచారని బావ చెప్పాడు. వద్దన్నావు, అయినా వచ్చాను. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని పొద్దుటి నుంచే తయారై కూర్చుంది, ఆమెను ఏమని ఆపాలి. హాల్లో వెనకవరసలో, తలుపు పక్కన కూర్చున్నాం. నీ దగ్గరికి లోపలికి రాలేదు. అక్కడి నుంచే చూశాను, నీ ముఖానికి ఎవరో రంగు బాగానే పెట్టారు. బుగ్గల మీద కొంచెం ఎక్కువైంది.

నాయిన ముందువరసలో ఉన్నాడు, ఉత్తచేతులతో. పెట్టె తేలేదని తెలుసు. నా వల్లనే.

మొదటి అంకాల్లో నీ గొంతు బొంగురుగా ఉంటే నా పక్కవాళ్లు గుసగుసలు పోయారు. అమూల్య పాడినప్పుడు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నీకు పోటీ అని కాదు, నాకు చేతులు లేవలేదు.

తర్వాత ఆ పిల్ల చచ్చిపోయింది. నువ్వు పక్కన కూర్చున్నావు. హాలంతా పద్యం కోసం కాచుకుని ఉంది. నువ్వు పాడవని నాకు తెలుసు. తప్పించుకుంటావనుకున్నాను, ఏదో ఏడ్చి తెర దించేస్తారనుకున్నాను. నువ్వు ఆ పిల్ల చెయ్యి నీ ఒళ్లోకి తీసుకుని, పక్కింటావిడతో మాట్లాడినంత మామూలుగా అన్నావు, చేతులారగ పెంచి. ఆగావు. నీ చేతులు తిప్పి చూసుకున్నావు, అవి ఎవరివో అన్నట్టు. చేతులారగ తుంచి. పాటలో ఆ రెండు మాటలు ఒక్క ఊపులో పోతాయి, మధ్యలో ఎంత దూరం ఉందో నేను ఎన్నిసార్లు పాడినా చూడలేదు. నాయిన వేళ్లు మోకాళ్ల మీద కదలడం వెనక నుంచి కూడా కనబడింది. కదిలి కదిలి ఆగిపోయాయి. అక్కడ వాయించడానికి ఏమీ లేదని ఆయనకు తెలిసినట్టుంది.

నేను పాడినప్పుడు జనం నా గొంతు విన్నారు, ఈలలు వేశారు. నిన్న వాళ్లు గొంతు వినలేదు. ఒక అక్కను చూశారు.

నా పక్కన ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నావైపు తిరిగి, "ఎవ్వల బిడ్డనో గాని, కడుపు తరుక్కపోయింది. నీకు ఎర్కేనా?" అని అడిగింది.

తెల్వదన్నాను.

రోజా, నోట్లోంచి అదే వచ్చింది. మా చెల్లె అనడానికి నాలుక తిరగలేదు. చెల్లె అంటే, ఆమె నిన్ను చూసిన కళ్లతోనే నన్ను కూడా చూసి, నువ్వేం చేస్తావమ్మా అని అడుగుతుంది. అత్తమ్మ విన్నది. బస్సులో చాలాదూరం వచ్చాక, "గట్లెట్ల అంటివే పద్మా. పాపం తల్గుతది" అంది. ఇంటికొచ్చాక ఆమే మళ్లీ, "నీకు గంత మంట ఉంటే నువ్వు గూడ పోయి ఏషం ఎయ్యి. నేను వద్దన్ననా?" అంది. ఇన్నాళ్లూ ఎవ్వరూ ఎత్తని మాట, ఆమె కంకుల మూట విప్పుతూ అనేసింది.

నువ్వు బాగా చేశావు. నాకు ఎట్లా తెలిసిందంటే, అప్పుడు నాకు పుట్టిన అసూయ ముందు, అంతకుముందు పుట్టిందంతా చిన్నపిల్లల ఏడుపు.

అందుకే రంగు పెట్టను. వేషం నేను వదలడం లేదు. నువ్వూ వదలకు. ఒక వేషానికి ఒక మనిషే ఉండాలని ఈ ఆచారం పెట్టిన నాయిన గురువు అన్నాడేమో, ఆయన ఇద్దరు ఆడపిల్లల్ని కనలేదు. నేను చేసింది నాయినకు చెబుతాను. నీ సగం సంగతి నీ ఇష్టం.

తెల్వదన్నందుకు మాత్రం నన్ను క్షమించు. మిగతాదానికి అడగను.

పద్మ

---

మేడ్చల్,
డిసెంబరు 18.

అక్కా,

నువ్వు తలుపు పక్కన కూర్చున్నావని నాకు స్టేజి మీది నుంచే తెలుసు. మీ అత్తమ్మ చీర ఆ చీకట్లో కూడా దాగదు. ఆ రెండు మాటల మధ్య ఆగింది నటన కాదు. నువ్వు ఏడుస్తున్నావా అని చూశాను. నువ్వు ఏడవడం లేదు, పెదవులు బిగబట్టుకుని ఉన్నావు. అది చూసి లోపల గెలిచాననుకున్నాను. అప్పుడే నా చేతులు కళ్లకు కనబడ్డాయి. రెండో మాట ఎట్లా వచ్చిందో నాకు గుర్తులేదు.

నీ ఉత్తరం బావ తెచ్చినప్పుడు నాయిన ఇంట్లోనే ఉన్నాడు. నా సగం నేనే చెప్పేశాను, నీ సగం నీకే వదిలేశాను, అయినా ఆయనకు అర్థమైనట్టుంది. ఆయన విని విని, "ఇద్దరికిద్దరు మొండి ముండలు" అని లేచి బయటికి పోయాడు. కాసేపటికి వచ్చి, అటక మీది నుంచి పెట్టె దించమన్నాడు. ఎలుక ఒక పక్క తోలు కొరికింది. గుడ్డ అంటించి బాగు చేస్తున్నాడు. రంగు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన ఫోన్లో నీ పాట ఇంకా ఉంది, మొన్న సాయంత్రం కూడా పెట్టుకున్నాడు. నాకు మళ్లీ మండింది.

నువ్వు ఆ పక్కావిడతో తెల్వదన్నావు. అందుకు క్షమించలేదు, ఇంకా ఆలోచిస్తున్నాను. అన్నం మాత్రం తిను.

డాక్టరు ఉగాది దాకా పాడొద్దన్నాడు. ఈ ఆదివారం రా. మీ అత్తమ్మను కూడా తీసుకురా, ఒక్కపూట దుకాణం మూస్తే ఏమీ కాదు. నాయిన వాయిస్తాడు. నువ్వు పాడు. నేను పక్కన కూర్చుని కుళ్లుకుంటాను.

రోజా